బడ్డోళ్లు, కున్నోళ్లు, నడుమ మా అవ్వ

తెలంగాణ వచ్చిన కొత్తలో మా హాలియా చుట్టుపక్కల ప్రతి మనిషికీ ప్రతి విషయం మీదా ఒక గట్టి అభిప్రాయం ఉండేది. ఎదుటివాళ్లది వినే ఓపిక మాత్రం ఎవరికీ ఉండేది కాదు. ఆ రోజులు తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, ఆ నవ్వులో సగం నా మీదే. చేతుల్లోకి పెద్ద ఫోన్లు వచ్చాయి, ఫోన్లలోకి ప్రసంగాలు వచ్చాయి, నిన్నటిదాకా పురుగుమందుల గురించి తగువులాడుకున్న మనుషులు దేవుడి మనసులో ఏముందో చెప్పడం మొదలుపెట్టారు. నేనూ తక్కువ తినలేదు. అప్పుడే తెలుగు పండిత శిక్షణ ముగించి హాలియాలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. ఎవరు నోరు తెరిచినా అందులో తప్పులు ఏరడం నా పని. పెళ్లి పత్రికలో ఒత్తు తప్పు కనిపిస్తే ఆ పెళ్లిలో అన్నం సహించేది కాదు. ఇంట్లో, ఊళ్లో అందరూ నన్ను 'పంతులమ్మ' అనేవారు. (ముద్దుగా అంటున్నారనే చాలాకాలం అనుకున్నాను.)

మాది హాలియాకు దగ్గర్లో, సాగర్ ఎడమ కాలువ నీళ్లతో వరి పండే చిన్న ఊరు. ఊరి చివర రేకుల కప్పు వేసిన ప్రార్థన మందిరం. దానికి ఇద్దరు అయ్యగార్లు, అంటే పాస్టర్లు. పెద్దయ్యగారు మొదటి నుంచీ ఉన్నవాడు. చిన్నయ్యగారు ఆయన అల్లుడు, బెంగళూరులో శిక్షణ పొంది వచ్చినవాడు. అల్లుడు వచ్చేదాకా మా ఊళ్లో రక్షణ అనేది పెద్ద చిక్కు లేని వ్యవహారం. దేవుడు తలుపు తడతాడు, మనిషి గడియ తీయాలి, అంతే, అనేవాడు పెద్దయ్యగారు. చిన్నయ్యగారు వచ్చిన మొదటి ఆదివారమే లేచి, లోపలున్నది పాపంలో చచ్చిన శవం, శవం లేచి గడియ ఎట్లా తీస్తుంది, అని అడిగాడు. ఎవరు రక్షణలోకి రావాలో లోకం పుట్టకముందే దేవుడు ఏర్పరచుకున్నాడు, ఇందులో మన ఘనకార్యం గోరంత కూడా లేదు, అన్నాడు. పెద్ద పెద్ద పండితులు తరతరాలుగా తేల్చలేకపోయిన సంగతట ఇది. మా వాళ్లు మాత్రం దాన్ని వానాకాలం నాట్లకు ముందే తేల్చేసి మిగతా పనులు చూసుకుందామనుకున్నారు.

తేలకపోగా అది క్రియాపదాల మీదికి పాకింది. చిన్నయ్యగారి లెక్కన విశ్వాసి 'పిలువబడ్డాను, ఏర్పరచబడ్డాను, రక్షించబడ్డాను' అనాలి. చేసినవాడు దేవుడు, మనం ఊరికే చేయబడ్డవాళ్లం. పెద్దయ్యగారి మనుషులు 'నమ్ముకున్నాను, ఎంచుకున్నాను, అంగీకరించుకున్నాను' అనేవారు. ఊళ్లో పిల్లలు రెండే వారాల్లో వాళ్లకు బడ్డోళ్లు, కున్నోళ్లు అని పేర్లు పెట్టేశారు. మందిరంలో చాపలు కూడా వేరైపోయాయి. బడ్డోళ్లు కిటికీ వైపు, కున్నోళ్లు తలుపు వైపు. బడ్డోళ్లలో ఒకాయన ఎంత ముదిరాడంటే, అన్నం తిన్నావా అని అడిగితే 'తినిపించబడ్డాను' అనేవాడు. ఆయన భార్య ఒకరోజు పొయ్యి ముట్టించకుండా కూర్చుని, "నాకు వండాలన్న మనసు ఇయ్యబడలే," అన్నదట. అంతటితో ఆ ఇంట్లో సిద్ధాంతం కాస్త మెత్తబడింది. కున్నోళ్లూ తక్కువవాళ్లేమీ కాదు. దేవుణ్ణి ఎట్లా నమ్మారో లేచి చెప్పే వాళ్ల సాక్ష్యాలు వింటే, వీళ్లు దయ తలిచి ఒప్పుకోకపోతే పాపం దేవుడు ఏమైపోయేవాడో అనిపించేది.

ఈ రెండు పక్షాలకూ నేను అవసరమయ్యాను. 'రక్షించబడ్డాను' కర్మణి వాక్యమని, 'నమ్ముకున్నాను' కర్తరి వాక్యమని బడిలో పదో తరగతికి చెప్పేది నేనే కదా. ఇద్దరు అయ్యగార్లూ విడివిడిగా మా ఇంటికొచ్చి, చాయ తాగి, నా తీర్పు అడిగి వెళ్లేవారు. నేను ఇద్దరికీ తలో గంట వ్యాకరణం చెప్పి ఎటూ తేల్చకుండా పంపేదాన్ని. అంత పెద్ద మనుషులు నా ముందు విద్యార్థుల్లా కూర్చుంటే తేల్చాలని ఎవరికనిపిస్తుంది?

ఇక మా అవ్వ సంగతి. బాపుకు, అంటే మా నాన్నకు, తల్లి. బాపు సంఘ పెద్ద, మందిరం తాళాలు ఆయన దగ్గరే ఉండేవి, కానీ ఆయన తల్లి మాత్రం జన్మలో బాప్తిస్మం తీసుకోలేదు. అట్లాగని మందిరానికి రాకుండా ఉండేది కాదు. ఊడ్చేది, పండుగ భోజనాలకు వంట చేసేది, ఆరాధన మొదలవగానే గడప మీద కూర్చునేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు, పొమ్మంటే పోయేది కాదు. కారణం మా తాత. పెళ్లయిన కొత్తలో తాత నందికొండ దగ్గర సాగర్ కట్ట పనికి కూలీగా పోయి, అక్కడ ఎవరి మాటలో విని, కృష్ణలో మునిగి, కొత్త పేరుతో ఇంటికొచ్చాడట. "పోయినోడు ఒకడు, వచ్చినోడు ఇంకొకడు. నన్నొక్క మాట అడిగిండా?" అని అవ్వ ఆయన బతికున్నంత కాలం అడిగింది. ఆయన బతికున్నంత కాలం నవ్వి ఊరుకున్నాడు. చివరకు ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండానే పోయి, సమాధుల తోటలో తుమ్మచెట్టు పక్కన పడుకున్నాడు.

ఆ ఏడు చలికాలం నుంచి అవ్వకు ఆయాసం ఎక్కువైంది. దవాఖానకు తీసుకుపోతే గుండె బలహీనంగా ఉందన్నారు. ఒక మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తూ తీస్తూ ఆగి, నన్ను అడిగింది.

"బిడ్డా, మీ తాత పక్కపొంటి జాగా ఖాళీగనే ఉన్నదా?"

"ఉన్నదవ్వా. ఎందుకు?"

"మునగనోళ్లను ఆడ వెట్టరటగా?"

"పెట్టరు. సంఘం తీర్మానం."

"అయితే మునుగుత. మీ బాపుకు చెప్పు. ఆయిన పక్కకు వోయి పండుకుని ఒక్క మాట అడిగేదున్నది."

బాపు వాకిట్లోనే ఉన్నాడు, విన్నాడు. గడ్డివాము వెనక్కి పోయాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి ప్రార్థనలో తల్లి పేరు చెప్పి మొర పెట్టుకునే మనిషి. తిరిగొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "గడ్డి నలుసు వడ్డది," అన్నాడు.

సంగతి మందిరానికి చేరింది. నిజానికి అందరూ సంతోషించి, ఒక పాట పాడి, ఒక ముసలిదాన్ని నీళ్లలో ముంచి తీస్తే అయిపోయేది. కానీ మా వాళ్లు ఏ పనినీ అంత తేలిగ్గా కానివ్వరు. బాప్తిస్మానికి ముందు గట్టు మీద నిలబడి సాక్ష్యం చెప్పాలి కదా, అవ్వ ఏ క్రియాపదంతో చెబుతుందన్నది రెండు పక్షాలకూ ప్రాణసంకటమైంది. మా అవ్వ మొండితనం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. అంత మొండిదాన్ని ఎవరు బలవంతం చేయగలరు, తనంతట తనే ఎంచుకుంది, కాబట్టి స్వేచ్ఛే గెలిచిందని కున్నోళ్లు. అంత మొండిదాన్ని దేవుడు తప్ప ఎవరు కదిలించగలరు, కాబట్టి ఏర్పాటే గెలిచిందని బడ్డోళ్లు. ఒకే మొండితనాన్ని చెరో వైపు పట్టుకుని లాగారు. ఆమె ఎందుకు మునుగుతానన్నదో ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

సాక్ష్యం నేర్పే పని నా మీద పడింది. నేను బల్ల వేసుకుని, అవ్వను చింతపండు చాటతో సహా పీట మీద కూర్చోబెట్టి, పాఠం మొదలుపెట్టాను.

"అవ్వా, అను. నేను రక్షించబడ్డాను."

"బడ్డ అంటే? ఏడ వడ్డ?"

"పడ్డ కాదు, బడ్డ. ఇది కర్మణి వాక్యం. దీంట్ల దేవుడు కర్త, నువ్వు కర్మ."

"ఏందే?"

"నువ్వు కర్మవు."

"నీ నోట్లె మన్ను వడ! నేను బతికుండంగనే నన్ను కర్మ అంటవా? గిదేనా నీకు ఆ బడిల నేర్పింది? ఓ కొడకా, ఇటు రారా, నీ బిడ్డ నాకు కర్మ జేస్తాంది!"

బాపు పరుగెత్తుకొచ్చాడు. వ్యాకరణంలో కర్మ అంటే అది కాదని ఇద్దరికీ నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. సరే, రెండో పక్షానికీ న్యాయం చేద్దామని 'నేను ప్రభువును ఎంచుకున్నాను' అనమన్నాను. అవ్వ ఒక చింతగింజను పక్కకు విసిరి, "ఎంచుకునుడేందే, సంతల గొర్రెను ఎంచుకున్నట్టు?" అన్నది. (అవ్వ పుట్టింటివాళ్లు గొర్రెలు మేపేవాళ్లు. పళ్లు చూసి, వీపు నొక్కి ఎంచుకోవడం ఆమె చూసింది.) చివరికి తనే ఒక సాక్ష్యం తయారు చేసుకుంది. "మునుగుతనన్న, ముంచుండ్రి." దీంట్లో సిద్ధాంతం లేదని నేను కొట్టిపారేశాను.

ఇంతలో సాగర్ నుంచి కబురు. ఆదివారం పొద్దున గేట్లు దించుతున్నారు, కాలువ బంద్. మళ్లీ నీళ్లు వానాకాలంలోనే. అప్పటిదాకా అవ్వ ఉంటుందో లేదో అన్న భయం మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ ఉంది. పోనీ ఇంట్లో సిమెంటు తొట్టిలో ముంచుదామని బాపు అడిగాడు. పారే నీళ్లే కావాలని ఇద్దరు అయ్యగార్లూ ఒకే మాట మీద నిలబడ్డారు. (వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడటం నేను చూసింది అదొక్కసారే.)

ఆదివారం తెల్లారగానే ఊరి పక్క పిల్లకాలువ గట్టు మీద చేరాం. నడుము లోతు నీళ్లున్నాయి. అవ్వ తెల్లచీర కట్టుకుని, నీళ్లకు పైనున్న చివరి మెట్టు మీద కూర్చుంది. బడ్డోళ్లు ఒక వైపు, కున్నోళ్లు ఒక వైపు. పాట అయింది, ప్రార్థన అయింది, పెద్దయ్యగారు గొంతు సవరించుకుని అడిగాడు.

"తల్లీ, నీవు ప్రభువును నీ సొంత రక్షకునిగా అంగీకరించుకున్నావా?"

"మామా, ఆ ప్రశ్నే తప్పు," అన్నాడు చిన్నయ్యగారు.

"అల్లుడూ, నువ్వు పుట్టకముందు నుంచి నేను ఇదే ప్రశ్న అడుగుతున్న."

"నేను పుట్టకముందు నుంచి తప్పే అడుగుతున్నరు."

ఇక చూడండి. గట్టు గట్టంతా లేచింది. శవం గడియ తీయడం దగ్గర మొదలై, బెంగళూరు చదువు మీదుగా, ఏదో పెళ్లిలో అల్లుడికి జరిగిన మర్యాద లోపం దాకా పోయింది. అవ్వ మెట్టు మీద నుంచి, "ఓ అయ్యగారూ, నీళ్లు దిగిపోతున్నయి," అన్నది. ఎవరూ వినలేదు. మొదట మునిగి ఉన్న మెట్టు ఒకటి బయటపడింది, ఆ తరువాత దాని కింద మెట్టు. అక్కడ నీళ్లు పోతున్నాయి, ఇక్కడ మాటలు పోతున్నాయి. బాపు ఇద్దరి నడుమ నిలబడి చేతులు జోడించాడు. "మీ కాళ్లు మొక్కుత, కాలువ బంద్ అయితాంది. ఏదో ఒక ప్రశ్న అడిగి మా అవ్వను ముంచుండ్రి."

"ఏదో ఒకటి ఎట్ల అడుగుతం?" అన్నారు మామా అల్లుళ్లు.

అప్పుడు ఎవరో, "పంతులమ్మను అడుగుదాం," అన్నారు. నా జీవితంలో అంత గొప్ప క్షణం అంతకు ముందు లేదు. కాలువకు వీపు పెట్టి, తూము రాయి మీదికెక్కి, జనం వైపు తిరిగాను. అందరి కళ్లూ నా మీదే. "అసలు సంగతేందంటే," అన్నాను, "మీరంతా రక్షించబడ్డాను, రక్షించబడ్డాను అంటున్నరు గానీ, వ్యాకరణం ప్రకారం అది రక్షించబడ్డాను కాదు. రక్షింపబడ్డాను. ఇంపు. మధ్యల పకారం రావాలె." పకారం చరిత్ర చెప్పాను. ప్రామాణికమేదో, వాడుక ఏదో చెప్పాను. అసలు కర్మణి వాక్యం తెలుగు నోటికి సహజం కాదని, మన అవ్వలెవరూ అట్లా మాట్లాడరని కూడా చెప్పాను. (మన అవ్వ వెనకాల ఏం చేస్తోందో చూడకుండానే.)

ధభాలుమని చప్పుడైంది.

తిరిగి చూస్తే మెట్టు మీద అవ్వ లేదు. కాలువలో మోకాళ్ల లోతు నీళ్లలో కూలబడి, తెల్లచీర చుట్టూ ఉబ్బి, దగ్గుతోంది. బాపు కేక పెట్టి దూకాడు. ఆ వెనకే ఇద్దరు అయ్యగార్లు. మామ ఒక రెక్క, అల్లుడు ఒక రెక్క పట్టుకున్నారు, నీళ్లు ఇంకా దిగిపోయేలోగా అని ఇద్దరూ ఒకేసారి బాప్తిస్మపు మాటలు అందుకున్నారు. అల్లుడు తొందర మనిషి కనుక ముందు ముగించాడు, మామ సాగదీసే మనిషి కనుక వెనక ముగించాడు. ముంచడానికి లోతు చాలక అవ్వను వెల్లకిలా పడుకోబెట్టాల్సి వచ్చింది. నీళ్లు మింగి పైకి లేచిన అవ్వ, "ఒక్కసారి సాలదా? సంపుతరా ఏంది?" అన్నది. గట్టు మీద స్తోత్రాలు మొదలయ్యాయి.

బట్టల నీళ్లు పిండుకోకుండానే పెద్దయ్యగారు వంగి, మెల్లగా అడిగాడు. "తల్లీ, నువ్వు దూకినవు గదా?"

"పడ్డది. పడవేయబడ్డది," అన్నాడు చిన్నయ్యగారు.

ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. అందరూ పకారం చూస్తున్నారు. అవ్వ ముక్కు తుడుచుకుని, ఇద్దరి వైపూ కాకుండా కొడుకు వైపు చూసింది.

"జాగా నాదేనా ఇగ?"

"నీదేనవ్వా," అన్నాడు బాపు. ఈసారి నలుసు సాకు కూడా చెప్పలేదు. అందరి ముందే ఏడ్చాడు.

"అయితే ఇంటికి వోదాం. సలివెడ్తాంది."

ఆ తరువాత కొన్నాళ్లు మా ఊళ్లో రెండు చరిత్రలు నడిచాయి. తలుపు వైపు చాపల మీద అవ్వ దూకింది, కిటికీ వైపు చాపల మీద పడవేయబడింది. రెండు వైపుల నుంచీ పండ్లు పట్టుకుని ఇంటికొచ్చేవారు, కూర్చుని దగ్గేవారు, మెల్లగా అసలు సంగతి కదిపేవారు. అవ్వ పండ్లు తీసుకునేది, దూకిందీ చెప్పేది కాదు, పడ్డదీ చెప్పేది కాదు. మందిరంలో మాత్రం గడప వదలలేదు. మునిగినావు కదా, లోపలికి రావమ్మా, అంటే, "మునుగుమన్నరు, మునిగిన. గాలి ఈన్నే మంచిగొస్తది," అనేది. దేవుణ్ణి తమ వైపు చాప మీద కూర్చోబెట్టాలని చూసే మనుషులకు అంతకన్నా మంచి జవాబు నాకైతే ఇప్పటికీ దొరకలేదు.

మరుసటి ఏడు ఆమె మంచాన పడింది. ఒక సాయంత్రం కాళ్లు ఒత్తుతూ, ఎవరూ లేరు కదా అని నేనే అడిగాను.

"అవ్వా, నాకన్న చెప్పు. ఆనాడు దూకినవా, పడ్డవా?"

దుప్పటి మీదికి లాక్కుంది.

"మీ బాపు ఆళ్ల కాళ్లు మొక్కుతుంటె చూడబుద్ధి గాలే బిడ్డా. మీ తాత నన్నడిగి మునిగిండా? నేనెవల్ని అడగాలె అనుకున్న. దూకుదామనే లేసిన."

"అంటే దూకినవన్నట్టు!" అన్నాను. లోపలి పంతులమ్మ ఇంకా చావలేదు.

"యాడిది. దూకుదామని లేసేవరకు కాలు జారింది."

నవ్వుతుంటే దగ్గొచ్చింది, దగ్గుతూనే నవ్వింది. నేను నవ్వలేదు. అది కర్తరా, కర్మణా అని లోలోపల లెక్క వేసుకుంటున్నాను. అంత దగ్గరగా కూర్చుని, ఆ మనిషి నవ్వును చూడకుండా వాక్యం చూశాను. ఇప్పుడు తలచుకుంటే నా చెవి నేనే మెలిపెట్టుకోవాలనిపిస్తుంది.

అవ్వ ఆ నెలలోనే పోయింది. ఆమె నాతో చెప్పిన సంగతి అయ్యగార్లిద్దరికీ నేను చెప్పలేదు. చెప్పినా ఒకాయన 'లేచింది' పట్టుకుపోయేవాడు, ఇంకొకాయన 'జారింది' పట్టుకుపోయేవాడు. ఇప్పుడు నేను నారాయణపేట వైపు సర్కారు బడిలో పని చేస్తున్నాను. కర్తరి, కర్మణి పాఠం వచ్చినప్పుడల్లా పుస్తకంలో ఉన్నది చెప్పి, గంట కొట్టకముందే ముగిస్తాను. 'దూకుదామని లేచేసరికి కాలు జారింది' ఏ వాక్యమో చెప్పమని ఎవరైనా అడుగుతారేమోనని ఒక చిన్న భయం.

ఊరికి పోయినప్పుడు సమాధుల తోటకు పోతాను. తుమ్మచెట్టు పక్కన ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. అవ్వ అడగాల్సిన మాట ఈపాటికి అడిగే ఉంటుంది, ఆయన ఈసారి నవ్వి లేచిపోయే వీలు లేదు. పాపం తాత. ఆ జాగాలో ఆమెను పడుకోబెట్టేటప్పుడు, నీకు ఇష్టమేనా అని ఆయనను కూడా ఎవరూ అడగలేదు.